ఎనిమిదుల జత, ఊపిన తల

మన రాష్ట్రంలో బడులన్నిటికీ తాళాలు వేసి, పిల్లలందరికీ ఆన్‌లైన్ పోకర్ నేర్పించాలని పత్రికాముఖంగా డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి. లెక్కలు, సైన్సు, నీతిశాస్త్రం మూడూ ఒక్క ఆటలో వస్తుంటే మూడు పీరియడ్లు ఎందుకు? ముగ్గురు మాస్టార్లు ఎందుకు?

డబ్బు పెట్టి ఆడటం నిషేధం కదా అని మీరు అడగవచ్చు. చట్టమంటే నాకు మహా గౌరవం. నేను ఆడేది యాప్ వాడు ఉచితంగా ఇచ్చే ఉత్తుత్తి చిప్స్‌తో, అంటే పందెం బిళ్ళలతో. ఏడాదిన్నరగా రోజుకు ఆరు గంటలు ఆడుతున్నా పోకర్‌లో నాకు ఒక్క రూపాయి పోలేదు. ఇంత భద్రత ఏ వ్యాపారంలో ఉందో చెప్పండి!

ఆట తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. నిజంగానే రెండు ముక్కలే. మొదట మీ చేతికి రెండు ముక్కలొస్తాయి. అవి మీకు తప్ప ఎవరికీ కనపడవు. బల్ల మీద అందరికీ చెందే అయిదు ముక్కలు తెరవకముందే పందెం మొదలవుతుంది. మీరు పెంచుతారు. ఎదుటివాడు మీ మీద ఇంకా పెంచుతాడు. దాన్నే రీ-రెయిజ్ అంటారు. ఇప్పుడు మీరు ముక్కలు వదిలేయాలి, లేదా వాడితో సమానంగా కట్టాలి, లేదా వాడి మీద మళ్ళీ పెంచాలి.

చేతిలో రెండు ఆసులుంటే ఆలోచించే పని లేదు. ఒక రెండు, ఒక ఏడు వస్తే అసలే లేదు, పారేస్తాం. కానీ రెండు ఎనిమిదులు వచ్చాయనుకోండి! పారేయడానికి మనసు రాదు, నిలబడటానికి దమ్ము చాలదు. కారు కొందాం కొందామంటూ పాత బైకుకే కొత్త సీటు కవరు వేయించుకునే మనలాంటివాళ్ళ ముక్కలవి. ఆరులు, ఏడులు, తొమ్మిదుల జతలదీ ఇదే కులం.

అలాంటి ఎనిమిదుల మీద ఒకడు రీ-రెయిజ్ కొడితే, యాప్ మనకిచ్చేది పదిహేను సెకన్లు. ఆ పదిహేను సెకన్లలో కలిగే జ్ఞానం పదిహేనేళ్ళ చదువులో కలగదు. వాడి దగ్గర రాజులున్నాయా? ఉత్తుత్తి బెదిరింపా? బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో ఇంకో ఎనిమిది పడిందంటే వాడి పని అయినట్టే. అది ఎనిమిది తొమ్మిది సార్లకు ఒకసారి పడుతుందని శాస్త్రం. మిగతా సార్లు ఏమవుతుందనేది అంత ముఖ్యమైన విషయం కాదు.

నా యాప్‌లో ‘సింహం99’ అనే పేరుతో ఒకడున్నాడు. వాడి ముఖం నేనెరగను, వాడు మనిషో కంప్యూటరో కూడా ఎరగను. నేను పెంచితే చాలు, మీద పెంచుతాడు. పౌరుషం గల మనిషిని కనుక నేను ఏనాడూ వదల్లేదు. వదిలేస్తే వాడేమనుకుంటాడు?

ఇక ఏకాగ్రత అంటారా? స్టవ్ మీద పాలు పొంగి, ఆరి, గిన్నె మాడి, పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టినా నా చూపు చెదరలేదు. మొన్న బిట్రగుంటలో పెళ్ళికని నెల్లూరులో రైలెక్కి కావలిలో దిగాను. ఆ రోజు చేతిలో తొమ్మిదుల జత ఉంది. తొమ్మిదులు చేతిలో ఉండగా బిట్రగుంటలో దిగేవాడు మనిషేనా?

ఇన్ని సుగుణాలున్న నన్ను మా ఆవిడ మహాలక్ష్మి గత నెలలో చేపల వేలంపాటకు పంపింది. పదకొండేళ్ళుగా ఆమె మా ఊరి ఒడ్డున పాటలో చేపలు కొని, ఆటోలో నెల్లూరుకు తీసుకుపోయి అమ్ముతుంది. మా ఇల్లు నడిచేది ఆ గంప మీదే. నా కాలమ్ మీద నడుస్తోందని మీరు భ్రమపడి ఉంటే క్షమించండి. ఆ రోజు ఆమె ఆటో దిగబోయి చీలమండ బెణకడంతో కాలు కింద పెట్టలేకపోయింది. “వంజరం నాలుగు వేల దాకా పాడు. దాటితే వదిలేసి వచ్చెయ్. కవళ్ళ దిక్కు మాత్రం చూడబాకు” అని మూడుసార్లు చెప్పి పంపింది. కవళ్ళంటే వెంటనే పాడైపోయే చవక చిన్న చేపలు.

మా ఒడ్డు పాట పద్ధతి మీకు చెప్పాలి. అక్కడ ఎవరూ అరవరు. పాట పెట్టే ముత్యాలయ్య ధర చెబుతూ పోతాడు. కొనేవాళ్ళు చేపల వైపు చూస్తూనే తల కొంచెం ఊపుతారు. ఎవరు ఊపారో ముత్యాలయ్యకు తప్ప పక్కవాడికి తెలియదు. తల ఊపితే మాట ఇచ్చినట్టే, వెనక్కి పోవడం లేదు. మా తాతలనాటి నుంచీ అంతే.

వంజరం ఇంకా పడవలో ఉంది. ముందు కవళ్ళ కుప్ప పాటకు వచ్చింది. కవళ్ళతో మనకేం పనిలే అని ఫోన్ తీశాను. రెండు ఎనిమిదులు! పెంచాను. సింహం99 మీద పెంచాడు. ‘కడదామా?’ అని నన్ను నేను అడిగి, ‘ఊఁ’ అని తల ఊపుకున్నాను. బల్ల మీద మూడు ముక్కలు పడ్డాయి. వాడు మళ్ళీ పెంచాడు. మళ్ళీ ఊపాను. నాలుగో ముక్కకూ ఊపాను. అయిదో ముక్కకు మరింత గట్టిగా ఊపాను.

వాడి దగ్గర నిజంగానే రాజులున్నాయి. నేను తలెత్తేసరికి ఒడ్డంతా నన్నే చూస్తోంది. నా ప్రతి ఊపుకూ ధర పెరిగి, మామూలు ధరకు రెండింతలకు, పద్నాలుగు గంపల కవళ్ళు నా పేరున ఖాయమయ్యాయి.

నేను ఊపింది ఫోనుకని ముత్యాలయ్యకు వివరంగా చెప్పాను. పోకర్ నియమాలు కూడా చెప్పబోయాను. ఆయన ఓపిగ్గా విని, “ఫోనుకు ఊపినావో నాకు ఊపినావో నాకెట్టా తెలస్తదబ్బాయా?” అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. ఆయన మహాలక్ష్మికి ఫోన్ చేసి, కావాలంటే ఈ ఒక్కసారికి పాట రద్దు చేస్తానన్నాడు.

“ఆయన ఊపింది తల గాదు మామా, నా పేరు. సరుకు దింపించు” అంది.

మూడు రోజులు ఇసుకలో కవళ్ళు ఎండబెట్టాం. ఆమె కుంటుతూ ఉప్పు చల్లింది, నేను కాకులను తోలాను. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోయేసరికి ఆగలేక, ఎనిమిదుల సంగతంతా విప్పి చెప్పాను.

ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “నువ్వు పెంచినాక కూడా నీ మీద పెంచినాడంటే, వాడి చేతిలో నీకంటే చిన్న ముక్కలుంటాయా?”

ఏడాదిన్నరలో నేను చూసిన వీడియోలన్నిటి సారం అదే. ఆమెకు ఉప్పు చేత్తో తట్టింది. తన బేరమూ అంతేనట. సందువ చేప మీద ధర ఆగకుండా పెరుగుతోందంటే ఊపేది చెన్నై లారీ ఏజెంటేనని ఆమె వదిలేస్తుందట. అతనికి ఐసు లారీ ఉంది, తనకు అద్దె ఆటో ఉంది. ఎక్కడ వదలాలో తెలుసు కనుకనే పదకొండేళ్ళు నిలబడిందట. ఆ వదలడాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఏ యాప్‌లోనూ వదిలేసినవాళ్ళకు చప్పట్లు మోగవు మరి. వదలనివాడికే యాప్ వాడు రోజూ ఉచితంగా చిప్స్ పోస్తాడు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే పోకర్ గొప్పతనం మీద నా వాదన నిలబడేది. కానీ నా దెబ్బకు ముత్యాలయ్య పద్ధతి మార్చేశాడు. ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఎవరు దేనికి ఊపుతున్నారో తెలియదు కనుక, ఇక మీదట తల ఊపితే చెల్లదు, నోటితో గట్టిగా చెప్పాలన్నాడు. తాతలనాటి నమ్మకం ఒక్క ఎనిమిదుల జతతో పోయింది.

దానివల్ల ఏమైందో తెలుసా? ఇన్నాళ్ళూ ఎవరు పాడుతున్నారో తెలియక లారీ ఏజెంటు తటపటాయించేవాడు. ఆ తటపటాయింపులోనే మహాలక్ష్మికి రెండు గంపల మంచి చేప దొరికేది. ఇప్పుడు ఆమె గొంతు వినపడుతుంది. వినపడగానే అతను మీద పెంచుతాడు. పదకొండేళ్ళుగా మూసి ఉంచిన ఆమె ముక్కల్ని నేను అందరి ముందూ తిప్పి పెట్టాను. సిగ్గుగా ఉంది. మొన్న ఆమె ఖాళీ గంపతో ఇంటికొచ్చింది.

గంప మూలన పెట్టి, ఇంక ఆ ఆట జోలికి పోకుండా ఉంటావా అని అడిగింది. నేను తల ఊపాను.

“తల ఊపితే చెల్లదు. నోటితో చెప్పు, మూడుసార్లు” అంది.

ఒకటోసారి చెప్పాను. రెండోసారి చెప్పాను. మూడోసారికి నోరు తెరుస్తుండగా జేబులో ఫోన్ టింగుమంది. ఇద్దరం జేబు వైపు చూశాం.