ఈశాన్యం నుంచి వచ్చిన గంగ

సిడ్నీ గిరావీన్‌లో కాపురముంటున్న తెలుగువారికి తెలియజేయునది ఏమనగా, మొన్నటి తుఫానులో ద్వారకానాథ్ గారి అద్దె ఇంట్లోకి నీళ్ళు వచ్చాయని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. నీళ్ళు రాలేదు, గంగ వచ్చింది. మామూలు నీళ్ళయితే వేళాపాళా లేకుండా ఎటు నుంచి పడితే అటు నుంచి వస్తాయి. ఇవి ఈశాన్యం మూల నుంచి, శాస్త్రం చెప్పినట్టు, తలుపు కింది సందులోంచి వినయంగా తలవంచుకుని వచ్చాయి. వచ్చి, ఆరేళ్ళ సాహిత్య పడుకునే గదిలో చీలమండల లోతున నిలిచాయి.

ఆ ఇంట్లో అద్దెకున్నవాడు సాహిత్య తండ్రి పవన్. తెనాలి కుర్రాడు. వృత్తిరీత్యా వాననీటి ఇంజినీరు. కొత్త కాలనీలు వేసేటప్పుడు వాన పడితే నీళ్ళు ఎటు పారతాయో, డ్రైన్ ఎక్కడ పెట్టాలో చెప్పడం అతని ఉద్యోగం. అతను చెప్పిన చోట డ్రైన్ పెట్టిన కాలనీ ఒక్కటీ మునగలేదని ఆఫీసులో మంచి పేరుంది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

సిడ్నీలో అద్దె ఇల్లు దొరకడమంటే మాటలు కాదు. శనివారం ఇల్లు చూడ్డానికి వెళ్తే క్యూ వీధి మలుపు దాకా ఉంటుంది. అంత కరువులోనూ పవన్ దొరికిన ఇళ్ళను వదిలేసుకున్నాడు. ఒకదాంట్లో పొయ్యి ఆగ్నేయంలో లేదు. ఒకదానికి వీధిపోటు. ఇంకొకదాంట్లో అన్నీ కుదిరాయి గానీ మరుగుదొడ్డి ఉండకూడని చోట ఉంది. ఫోన్‌లో దిక్సూచి పట్టుకుని గది గదికీ తిరుగుతున్న పవన్‌ని చూసి ఏజెంట్లు ఇతనెవరో గ్యాస్ లీకు కనిపెట్టేవాడు అనుకునేవారు.

అలాంటి సమయంలో ద్వారకానాథ్ గారి ఇల్లు దొరికింది. ఆయన తెలుగు సంఘానికి శాశ్వత మాజీ అధ్యక్షులు. ఆయన లేకపోతే ఇక్కడ ఉగాది పచ్చడికి ఆ చేదు రాదు. ఇల్లు మాత్రం దిక్కులన్నీ దారం పట్టి గీసినట్టుంది. "మనలో మనకి అగ్రిమెంట్లూ ఏజెంట్లూ ఏంటి బాబూ, నోటిమాట చాలదూ?" అన్నారాయన. పవన్ కళ్ళు చెమర్చాయి. పరాయి దేశంలో ఇంత ఆప్యాయత ఎవరు చూపిస్తారు!

ఆ ఇంటికి ఆయన చేసిన సేవ గురించి కూడా చెప్పుకోవాలి. కట్టిన తెల్లవాడికి బుద్ధి లేక, నేలను నైరుతికి వాలుగా వదిలేశాడు. డ్రైన్ కూడా అక్కడే పెట్టాడు. వాన పడితే నీళ్ళు తిన్నగా అందులోకి పోయేవి. నైరుతి పల్లమైతే ఇంటి యజమానికి అరిష్టం కదా! ద్వారకానాథ్ గారు ఊరుకుంటారా? లారీలతో మట్టి తోలించి నైరుతిని ఎత్తు చేశారు, డ్రైన్‌ని ఆ మట్టి కిందే భద్రపరిచారు, ఈశాన్యాన్ని తవ్వించి పల్లం చేశారు. ఆ పల్లం పక్కన ఉన్నదే సాహిత్య గది.

ఇంట్లో దిగిన రోజే పవన్‌కి కంటిచూపుతోనే విషయం తెలిసిపోయింది. వానొస్తే ఆ చుట్టుపక్కల నీళ్ళన్నీ తిన్నగా పిల్ల గదికే వస్తాయి. నోరు కూడా తెరిచాడు. "అంకుల్, ఈ స్లోప్ కొంచెం..."

"చూశావా, కనిపెట్టేశావు! చదువుకున్నవాడివి కదా. ఎంత కష్టపడి తెచ్చాననుకున్నావ్ ఆ స్లోపు!"

పెద్దాయన అంత మెచ్చుకున్నాక ఇంకేం మాట్లాడతాడు? పాలు పొంగించారు. పాలు కూడా తూర్పుకే పొంగాయి. అందరూ పాయసం తిని వెళ్ళారు.

తుఫాను వచ్చిన రోజు మధ్యాహ్నం నారింజరంగు బట్టల వాలంటీర్లు వీధిలోకి వచ్చారు. జీతం భత్యం లేకుండా వానలో తడుస్తూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు కాపాడే అమాయకులు. వాళ్ళలో ఒకావిడ ఇంటి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, ఇసుక సంచులన్నీ ఈశాన్యం మూల తలుపుకి అడ్డంగా పేర్పించి వెళ్ళింది. ఆవిడకి దిక్కులు తెలియవు, పాపం. నీళ్ళెటు నుంచి వస్తాయో అదొక్కటే తెలుసు.

పవన్ ఆ సంచులకి ఫొటో తీసి, ఇంటి యజమానికి చెప్పడం మర్యాద కాబట్టి ద్వారకానాథ్ గారికి పంపాడు. నిమిషంలో ఫోన్ మోగింది.

"ఈశాన్యంలో బరువా! ఓరి నాయనో! నా ఇల్లు ఏమైపోవాలనుకున్నావయ్యా? బరువెప్పుడూ నైరుతిలో ఉండాలి. ముందు ఆ సంచులన్నీ అటు చేర్చు."

"అంకుల్, నీళ్ళు ఇటు నుంచే వస్తున్నాయి..."

"రానీ! ఈశాన్యం నుంచి నీళ్ళొస్తే ఇల్లు కళకళ్ళాడుతుంది. నేను చెప్తున్నా కదా, మొయ్యి బాబూ."

మన వాననీటి ఇంజినీరు నడుం వంచి, జోరువానలో, ఒక్కో సంచీ భుజాన వేసుకుని, నీళ్ళు వచ్చే చోటి నుంచి నీళ్ళు రాని చోటికి మోశాడు. కిటికీలోంచి చూసి భార్య నీరజ బయటికి పరుగెత్తుకొచ్చింది. ఆమెది వరంగల్. మొహమాటం ఆ ఊళ్ళోనే వదిలేసి విమానమెక్కిన మనిషి.

"ఏం చేస్తున్నవ్ నువ్వు? నీళ్ళు ఇటొస్తుంటే సంచులు అటు మోస్తున్నవేంది? నీకేమన్న పిచ్చి లేసిందా?"

"పెద్దాయన చెప్పాక కాదంటే ఏం బాగుంటుంది నీరజా..."

మోయడం పూర్తయ్యాక నైరుతిలో పేర్చిన సంచులకి ఇంకో ఫొటో తీసి, "డన్ అంకుల్" అని రాసి, దండం బొమ్మ కూడా జోడించి పంపాడు. ఆ సాయంత్రం గంగ వచ్చింది. సాహిత్య మంచం, కింద పెట్టుకున్న పుస్తకాలు, గోడ అడుగుభాగం తడిశాయి. నైరుతి మూలలో మాత్రం చుక్క నీరు చేరలేదు.

మర్నాడు ద్వారకానాథ్ గారు పసుపు, కుంకుమ, కర్పూరం పట్టుకుని వచ్చారు. నీళ్ళలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుని ఇలా సెలవిచ్చారు: "కాశీకి పోలేక, ప్రయాగకి పోలేక మనవాళ్ళు ఎంత బాధపడుతున్నారు! అటువంటిది గంగమ్మ తల్లి వెతుక్కుంటూ సిడ్నీకొచ్చి, మీ పిల్ల మంచం కింద చేరిందంటే ఇది నా ఒక్కడి పుణ్యం కాదు. మీకూ కొంత భాగం ఉంది." హారతిచ్చి, తీర్థం పుచ్చుకోమన్నారు. నీరజ పుచ్చుకోలేదు. పవన్ కళ్ళకద్దుకున్నాడు.

తడిసిన కార్పెట్ తీయించమని, డ్రైన్ మీది మట్టి ఎత్తించమని అడిగితే ఆయన నొచ్చుకున్నారు. మూఢం నడుస్తోందట. "మూఢంలో పెళ్ళిళ్ళే చెయ్యం, కార్పెట్లు తీస్తామా?" అన్నారు. అది వెళ్ళాక మంచి రోజు చూసి మొదలుపెడదామన్నారు. అద్దె చెల్లింపుకి మాత్రం మూఢం అడ్డు కాదని శాస్త్రంలో ఎక్కడో ఉన్నట్టుంది, అది ఎప్పట్లాగే వెళ్ళింది.

గోడ మీద నల్లగా బూజు పట్టడం మొదలైంది. మొదట నాణెమంత, తర్వాత పళ్ళెమంత. "డాడీ, మై రూమ్ స్మెల్స్ లైక్ ఎ వెట్ డాగ్," అంది సాహిత్య. ఆ తర్వాత దగ్గు. దగ్గి దగ్గి పిల్ల మొహం ఎర్రబడేది, పక్కటెముకలు లోపలికి లాక్కుపోయేవి. మందు పీల్చే గొట్టం ఇచ్చి డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. ఈ పిల్లకి కావలసింది మందు కన్నా ముందు పొడిగా ఉన్న గది. పిల్లని హాల్లో పడుకోబెట్టారు. ఆ వాసన హాల్లోకీ వచ్చింది.

"కిరాయి పంచాయితీలు తెంపే ట్రిబ్యునల్‌కి పోదాం," అంది నీరజ.

"మనవాళ్ళ మీదే కేసంటే నలుగురూ ఏమనుకుంటారు? ముందు పెద్దల్లో పెడదాం," అన్నాడు పవన్.

పెద్దల్లో పెట్టారు. కమ్యూనిటీ హాల్లో సభ జరిగింది. వడలు బాగా కుదిరాయి. కాన్‌బెర్రాలోని హారిసన్ నుంచి వాస్తు విద్వాంసులు శేషాద్రి గారిని ప్రత్యేకంగా పిలిపించారు. ఆయన మైకు తీసుకుని, గొంతు సవరించుకుని, ఈ ఖండంలోని తెలుగువారినందరినీ కుదిపేసే సత్యం బయటపెట్టారు. "ఇది దక్షిణార్ధగోళం. ఇక్కడ సూర్యుడు ఉత్తరం వైపున నడుస్తాడు. కాబట్టి మీరు ఈశాన్యమని భ్రమపడుతున్నది శాస్త్రరీత్యా ఆగ్నేయం. ద్వారకానాథ్ గారు అగ్ని మూలలో నీళ్ళు పోయించారు!"

హాలు దద్దరిల్లింది. ద్వారకానాథ్ గారు కుర్చీ ఎక్కి, దిక్కులు దేవుడు పెట్టినవనీ, దేశం మారితే దేవుడు మారడనీ గర్జించారు. సభ రెండుగా చీలింది. ఉత్తరగోళం వాళ్ళు ఎడమ పక్క, దక్షిణగోళం వాళ్ళు కుడి పక్క కూర్చున్నారు. ఎన్నాళ్ళుగానో అన్నదమ్ముల్లా ఉన్నవాళ్ళు ఒకరి పొయ్యిలను ఒకరు తప్పుపట్టుకున్నారు. మధ్యలో పవన్ లేచి, "అండీ, మా పాపకి దగ్గు..." అన్నాడు. కూర్చోమన్నారు. చివరికి, సాహిత్య దగ్గు ఏ గోళం దోషం వల్ల వచ్చిందో తేల్చడానికి ఒక ఉపసంఘం వేస్తూ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీరజ లేచి నిలబడింది. "మీ గోళాలు మీరే పంచుకోండ్రి. నా బిడ్డకు ఊపిరాడ్తలేదు. సోమవారం నేను ట్రిబ్యునల్‌కి పోతున్న." సభ ఆమె సంస్కారలేమికి విచారం వ్యక్తం చేసింది.

ట్రిబ్యునల్లో ద్వారకానాథ్ గారు చాలా హుందాగా నడుచుకున్నారు. నోటిమాట మీద ఇల్లిచ్చిన మనిషి, ఆ రోజు మాత్రం రుజువు పట్టుకొచ్చారు. పవన్ పంపిన రెండు ఫొటోలు. మొదటిదాంట్లో సంచులు ఉండవలసిన చోట ఉన్నాయి. రెండోదాంట్లో లేవు. కింద "డన్ అంకుల్", దండం బొమ్మ. సంచులు తీసినవాడు అద్దెకున్నవాడేనని ఆయన విన్నవించుకున్నారు.

విచారణ చేస్తున్న మేడమ్ ఆ ఫొటోల వంక చాలాసేపు చూసింది. తర్వాత పవన్‌ని అడిగింది, మీరేం పని చేస్తుంటారని.

"స్టార్మ్‌వాటర్ ఇంజినీర్‌ని మేడమ్."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆ గదిలో పవన్‌కి తల ఎత్తాలనిపించలేదు. పక్కనే పిల్ల దగ్గుతూ ఉంది, ఆ దగ్గుని భుజాల మీద మోసుకొచ్చింది తనేనని అతనికి మొదటిసారి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఇల్లు బాగుచేయవలసింది యజమానేననీ, వీళ్ళు ఎప్పుడంటే అప్పుడు ఖాళీ చేసి వెళ్ళొచ్చనీ, పాడైన మంచం, పుస్తకాల సంగతి మాత్రం సంచులు మోసినవారే చూసుకోవాలనీ మేడమ్ తేల్చింది.

ఖాళీ చేసి ఎక్కడికి వెళ్తారు? మనవాణ్ణి కోర్టుకీడ్చిన మనిషికి మనవాళ్ళెవరూ ఇల్లివ్వలేదు. అందరూ ఫోన్లో ఎంతో ప్రేమగా మాట్లాడి, ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు. ఆ వారం శనివారమే ద్వారకానాథ్ గారి ఇల్లు చూడ్డానికి వీధి మలుపు దాకా క్యూ. అందరూ మనవాళ్ళే, అందరి చేతిలోనూ ఫోన్లే. సామాన్లు సర్దుకుంటున్న నీరజ ఉండబట్టలేక బయటికొచ్చి, ముందున్న ఆవిడకి చెప్పింది. "అమ్మా, వానొస్తే ఈ ఇంట్లకు నీళ్ళొస్తయి."

"తెలుసండీ," అంది ఆవిడ చిరునవ్వుతో. "కానీ ఈశాన్యం నుంచేగా!"

ఆఖరికి పక్కనే ఉన్న పెండిల్ హిల్‌లో ఒక ఇల్లుందని తెలిసి ముగ్గురూ వెళ్ళారు. ఇంటావిడ కమలా ఆంటీ. ముత్తాతలెప్పుడో విశాఖపట్నం నుంచి ఫిజీ చెరకు తోటలకి వెళ్ళారు, అక్కడ గొడవలయ్యాక వీళ్ళు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆవిడ తెలుగు ఆగి ఆగి నడుస్తుంది.

"ఇల్లు డ్రై, బాబూ. హిల్ మీద ఉంది కదా, నీళ్ళు అన్నీ కిందికి పోతాయి. తెలుగువాళ్ళు చాలామంది వస్తారు. డోర్ దగ్గర నిలబడి ఫోన్ చూస్తారు. సారీ ఆంటీ అని వెళ్ళిపోతారు. ఎందుకో! ఇక్కడ నెట్‌వర్క్ బాగోదా?"

సాహిత్య లోపలికి పరుగెత్తింది. ఎండ పడుతున్న గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మమ్మీ, ఇట్ డజన్ట్ స్మెల్ ఆఫ్ ఎనీథింగ్!" అని అరిచింది. దగ్గలేదు. నీరజ గోడకి చెయ్యి ఆనించి చూసింది. పొడిగా, వెచ్చగా ఉంది. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

పవన్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అతనికి అన్నీ తెలుసు. పిల్ల ఊపిరి వినబడుతూనే ఉంది, ట్రిబ్యునల్లో తల దించుకున్న సంగతి గుర్తుంది. అయినా చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఫోన్ బయటికొచ్చింది. సూది కాసేపు ఊగి, నిలబడింది. సింహద్వారం తిన్నగా దక్షిణానికి ఉంది.

"నీరజా, ఒక్క నిమిషం... అమ్మకి ఒకసారి వీడియో కాల్ చేసి..."

నీరజ అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో పడేసింది. "తీసుకుంటున్నం ఆంటీ," అంది.

పవన్ మొహం చూసి నవ్వుకోవడం మీ ఇష్టం. కానీ సింహద్వారం దక్షిణానికి అనగానే మీకు లోపల ఎక్కడో "అయ్యో" అనిపించిందా లేదా? అనిపించినవారు మొహమాటపడకుండా ద్వారకానాథ్ గారిని కలవండి. క్యూ ఇంకా నడుస్తోంది, నోటిమాట చాలు. పిల్లలుంటే ఈశాన్యం గది వాళ్ళకే ఇస్తారు.