మరమ్మతుకు శిలాఫలకం ఉండదు

జగ్గయ్యపేట శ్రీ సీతారామ భక్తసమాజం వారు తమ మందిర ప్రాంగణానికి రాబోయే ముప్పయ్యేళ్ల ప్రణాళిక తయారు చేయిస్తున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇంతటి దూరదృష్టి చుట్టుపక్కల ఏ ఊరివాళ్లకూ లేదు. నందిగామ వాళ్లకైతే అసలే లేదు.

కట్టడాలను పరీక్షించడానికి నందిగామ నుంచి నీహారిక అనే ఇంజనీరును పిలిపించారు. ఆమె మూడు రోజులు సుత్తితో గోడలు తట్టి, నిచ్చెనెక్కి చూసింది. మందిరంలో ప్రతిదాని మీదా ఎవరో ఒక దాత పేరుంది. గడపకు ఒకరు, గంటకు ఒకరు, చెప్పుల స్టాండుకు ఇద్దరు అన్నదమ్ములు. ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లున్నాయి. కరెంటు పోయినప్పుడు భక్తులు తీరిగ్గా చదువుకుంటారు. ఎవరి పేరూ లేనిది వంటశాల కప్పు ఒక్కటే.

నివేదిక మొదటి పేజీలోనే ఆమె ఇలా రాసింది: "వంటశాల కప్పులో ఇనుము తుప్పు పట్టిపోయింది. ఏ రోజైనా కూలవచ్చు. బాగుచేసేదాకా లోపల వంట ఆపాలి."

సమాజం అధ్యక్షులు, మిర్చి టోకు వ్యాపారి కుటుంబరావుగారు నొచ్చుకున్నారు. "అమ్మాయ్, మేం అడిగింది ముప్పయ్యేళ్ల సంగతి. ఈ నెల సంగతి నిన్నెవరడిగారమ్మా?"

"ఈ నెల దాటితేగదండీ ముప్పయ్యేళ్లు," అంది నీహారిక. దీన్ని అధికప్రసంగంగా మినిట్స్ పుస్తకంలో నమోదు చేశారు.

అలాగని కప్పు గురించి చర్చించలేదంటే పాపం వస్తుంది. రెండు గంటలు చర్చించారు. దాతలే దొరకలేదు. కొత్త గది కడితే గోడకు చలువరాయి బిగించవచ్చు. పాత కప్పును బాగుచేయిస్తే పేరు ఎక్కడ చెక్కిస్తారు? కార్యదర్శి దశరథరామయ్యగారు మేధావి గనుక, కప్పుకు లోపలివైపే రాయిద్దామన్నారు.

"వంటింట్లో తలెత్తి చూసేదెవరండీ?" అన్నారు ఒక దాత.

"నే చూస్తానండయ్యా, రోజూను," అంది టీ గ్లాసులు తీస్తున్న బసవమ్మ. ఇరవయ్యేళ్లుగా శనివారం అన్నదానానికి వండుతున్నది ఆవిడే. "పెచ్చులూడేది నా నెత్తిమీదేగా."

బసవమ్మకు చదువు రాదు. కాబట్టి ప్రతిపాదన ఏకగ్రీవంగా వీగిపోయింది.

దానికి బదులు హైవే వైపు అరవై అడుగుల ముఖద్వారం కట్టాలని తీర్మానించారు. హైదరాబాదు బస్సుల్లో పోయేవాళ్లకు కూడా పేర్లు కనపడాలన్నారు. దాతలు ఎగబడ్డారు.

శంకుస్థాపన నాడు వెయ్యిమందికి భోజనాలు. పొద్దున్నే బసవమ్మ అధ్యక్షులవారి దగ్గరికి వెళ్లింది. "పెరట్లో పొయ్యిలెట్టుకుంటానండి. లోపల భయమేస్తందండి."

"పెరట్లో దాతల ఫ్లెక్సీలు కట్టాంగా బసవమ్మా. పొగ పట్టేస్తది. రాముడున్నాడు, వండు," అన్నారాయన ఎంతో మృదువుగా.

రాముడి మీద భారం వేసేవాళ్లు ఆ కప్పు కింద ఎన్నడూ నిలబడరు. వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది. అయితే భోజనానికి పిలుపు నాకూ అందింది గనుక నోరు మెదపలేదు.

విస్తళ్లు వేశాక కుటుంబరావుగారు మైకు అందుకున్నారు. "మనం పోయినా మన కట్టడాలు నిలబడాలి! తరతరాలు మన పేరు చెప్పుకోవాలి!" చప్పట్లు ఇంకా ఆగకముందే వంటశాల కప్పు కూలింది. అన్నం, పప్పు బయటికి పంపించి, పులుసు గంగాళం కోసం లోపలికి వెళ్లిన బసవమ్మ దాని కింద పడింది. శిథిలాల్లోంచి తీసేసరికి ప్రాణముంది. కుడిచెయ్యి మోచేతి దాకా నుజ్జయింది. ఆ చేత్తో ఇక గరిటె పట్టేది లేదని డాక్టరు ఆ సాయంత్రమే చెప్పేశాడు.

కార్యవర్గం చురుగ్గా కదిలింది. కప్పు కూలిపోయింది గనుక ఇక అది మరమ్మతు కిందికి రాదు, కొత్త నిర్మాణం కిందికి వస్తుంది. గంటలో ముగ్గురు దాతలు ముందుకొచ్చారు. అశుభం పలికినందుకు ఇంజనీరును ఖండిస్తూ మరో తీర్మానం చేశారు.

భక్తులు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారనుకోకండి. మన జనం అన్యాయాన్ని సహించరు. విస్తళ్ల ముందునుంచి లేవకుండానే కాగితం తెప్పించి, ఫిర్యాదు రాసి, నూట పన్నెండు మంది సంతకాలు పెట్టారు. ఒట్టి పప్పూ మజ్జిగతో భోజనం ముగించేశారనీ, పులుసు వడ్డించనే లేదనీ.

మూడో సంతకం నాది.