తొట్టిలో పొంగిన నురగ

ఆ ఆదివారానికి స్వర్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఇడ్లీలు, తర్వాత మందిరంలో ఆరాధన, ఆ వెంటనే బాప్తిస్మాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చే నీలవేణికి తాను తయారుచేసిన ఫేస్‌వాష్ చూపించడం. ఇందులో కొంప మునగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. స్వర్ణ కూడా అలాగే అనుకుంది.

నీలవేణికి రాజాం మెయిన్ రోడ్డులో ఫ్యాన్సీ షాపు ఉంది. స్వర్ణ సరుకు అమ్మి పెడతానంది గానీ ముందే ఒక మాట తెగేసి చెప్పింది. "కళ్ళు మాత్రం మండకూడదమ్మా. మండితే ఆ సీసాలట్టుకొచ్చి నా మొకానే కొడతారు. ముందో పది మొకాలకి రాసి సూడు. బాగుందంటే అప్పుడు నా షాపులో పెడతాను."

ఆ పది ముఖాలే పేటలో దొరకలేదు. ఆ ఫేస్‌వాష్‌లో ఏముందో స్వర్ణ దాచిందీ లేదు. కోకో గ్లూకోసైడ్ అని, కొబ్బరినూనెతోనూ చక్కెరతోనూ తయారయ్యే చిక్కటి ద్రవం. జిడ్డునీ నీటినీ కలిపి మురికిని వదిలిస్తుంది, చర్మం జోలికి మాత్రం పోదు. కెమిస్ట్రీ చదువుకుని, పనిచేస్తున్న ప్రైవేటు స్కూలు మూతపడితే ఇంట్లో కూర్చున్న స్వర్ణ, దాన్ని హైదరాబాదు నుంచి తెప్పించింది. వట్టివేరు నీళ్ళు కలిపి, ఎన్నిసార్లో చెడగొట్టి, చివరికి ఒక తెల్లడబ్బా నిండా ఫేస్‌వాష్ సిద్ధం చేసింది.

"కొబ్బరంటావు, పంచదారంటావు. లౌజు సేసుకుని తినక మొకానికి పూసుకోడమేటే?" అంది అత్తగారు లీలారాణి.

మొగుడు విక్టర్ అంతకన్నా తెలివైనవాడు. "నాను కమీషను కొట్లో పదిమందికీ కనపడాల్సినోణ్ణి. ఉన్నదొక్క మొకం స్వర్ణా" అని తప్పించుకున్నాడు.

పైగా లీలారాణి ఒక షరతు పెట్టింది. నీలవేణి కాదంటే ఆ సీసాలూ గరిటెలూ అటకెక్కాలి, వెనక వరండా ఖాళీ కావాలి, స్వర్ణ ఇంక ఆ ఊసెత్తకూడదు. స్వర్ణ సరేనంది. కానీ ఆ వరండాలో గరిటె తిప్పుతున్నంతసేపే ఆమెకి తాను మళ్ళీ మనిషినైనట్టు ఉండేది. అది పోతే ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు.

ఇక మందిరం సంగతి. అక్కడ బాప్తిస్మమంటే నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించడం కాదు. వేదిక ముందున్న చెక్కలు తీస్తే కింద పెద్ద సిమెంటు తొట్టి ఉంటుంది. అందులో మనిషిని నిలువునా ముంచి లేపుతారు. బోరు నీళ్ళేమో ఎర్రగా వస్తాయి. అందుకని బాప్తిస్మాలున్న ప్రతిసారీ ముందురోజే లీలారాణి పటిక నూరి, నీళ్ళలో కరిగించి, డబ్బాలో పోసి ఉంచుతుంది. తెల్లవారుతూనే విక్టర్ దాన్ని తొట్టిలో వంచి వస్తాడు. వేళయ్యేసరికి మట్టి అడుగుకి దిగి నీళ్ళు తేటపడతాయి. సంఘంలో ఎవరికి ఏ పదవి ఉన్నా, పటిక మాత్రం లీలారాణిదే.

ఆ పటిక డబ్బా తెల్లది. స్వర్ణ డబ్బా కూడా తెల్లది. రెండూ ఒకే కొట్లో కొన్నారు, రెండూ వెనక వరండాలోనే ఉన్నాయి.

చీకటితో లేచిన విక్టర్ కళ్ళు నులుముకుంటూ చేతికందిన డబ్బా పట్టుకుపోయాడు. తొట్టిలో వంచుతూ, "అమ్మ ఈసారి పటిక బాగా చిక్కగా కలిపినాది" అని మనసులో మెచ్చుకున్నాడు కూడా. మట్టి లేస్తుందని నీళ్ళు కదపకుండా, చెక్కలు మూసి ఇంటికొచ్చాడు. వరండాలో ఇంకా ఒక డబ్బా ఉంది కనక స్వర్ణకీ అనుమానం రాలేదు.

ఆరాధన చక్కగా జరిగింది. చెక్కలు తీశారు. పాస్టరు జ్ఞానానందం అయ్యగారు తెల్లటి అంగీతో తొట్టిలోకి దిగారు. నీళ్ళు కొంచెం మసగ్గా ఉన్నాయి గానీ నిశ్చలంగా ఉన్నాయి. మొదట వచ్చింది ముసలి దాలమ్మ. అయ్యగారు ఆమెని ముంచి లేపారు. లేచిన దాలమ్మ నెత్తిమీద తెల్లటి నురగ తలపాగా ఉంది.

"ఒల్లంతా మెత్తగా ఉన్నాది అయ్యగారూ!" అంది దాలమ్మ సంతోషంగా.

వెనక వరసలోంచి ఎవరో "హల్లెలూయ" అన్నారు. అయ్యగారు మొహమాటంగా నవ్వి తర్వాతి మనిషిని పిలిచారు. అతను త్రినాథ్, లారీ డ్రైవరు, భారీ మనిషి. అతను మునిగి లేచేసరికి నురగ అయ్యగారి ఛాతీ దాకా వచ్చింది. మనిషి మునిగినప్పుడల్లా నురగ జానెడు జానెడు పెరుగుతోంది. కాసేపటికి పైకి అయ్యగారి కళ్ళజోడొక్కటే కనబడుతోంది. సాయం పడదామని సంఘపెద్ద ఇమ్మానుయేలు తొట్టిలోకి దిగాడు. నురగలో చేతికందిన మనిషిని అయ్యగారు భక్తిగా ముంచేశారు.

"అయ్యగారూ, నాను ఇమ్మానుయేల్నండీ! నాకు సిన్నప్పుడే అయిపోనాది!"

ఈలోపు నురగ గట్టు దాటి, తివాచీ మీదుగా పాటలు పాడేవాళ్ళ దాకా పాకింది. తబలా వాయించేవాడు తబలాలు నెత్తిన పెట్టుకున్నాడు. అయ్యగారికి ఊపిరాడదేమోనన్న కంగారుతో విక్టర్ తొట్టి అడుగునున్న బిరడా లాగేశాడు. నీళ్ళు మురుగుకాలవలో పడి, నురగ రోడ్డెక్కింది.

ఇమ్మానుయేలు గట్టెక్కి ముఖం తుడుచుకున్నాడు. "ఏటమ్మా లీలారాణీ! పటికలో ఏటి కలిపినావు? సర్ఫు గానీ పోసీసినావేటి?"

"పటికే పోసాను అన్నయ్యా! ఇన్నేళ్ళనించీ పోస్తన్నాను, ఎప్పుడైనా ఇలగయినాదా?"

"మరి ఈ నురగెక్కడినించి వచ్చినాది? ఇంకనించీ పటిక పని ఇంకెవులికైనా అప్పజెప్తాం."

ఊళ్ళో ఎవరికీ లొంగని లీలారాణి కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. ఆ కొంగుతోనే కళ్ళు ఒత్తుకోవడం స్వర్ణ చూసింది.

సరిగ్గా అప్పుడే స్వర్ణ ముక్కుకి వట్టివేరు వాసన తగిలింది. పొద్దున్న విక్టర్ పట్టుకొచ్చింది తన డబ్బానే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుంటే అత్తగారి పరువు పోతుంది, నోరు విప్పితే తన వరండా పోతుంది. ఇంత రభస చేసిన సరుకుని ఎవరు కొంటారు? అత్తగారు ముఖం మీంచి కొంగు ఇంకా దించలేదు. స్వర్ణ లేచి నిలబడింది.

"అత్తమ్మ తప్పేటీ లేదండీ. అది పటిక కాదు, నా ఫేస్‌వాషు."

మందిరమంతా విక్టర్ వైపు తిరిగింది. విక్టర్ చేతిలో ఉన్న బిరడా వైపు చూసుకున్నాడు. "అయితే నాను పొద్దున్న పోసిందీ..." అని, మిగతాది మింగేశాడు.

అదే క్షణంలో గుమ్మంలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ఏటమ్మా ఇది, రోడ్డంతా నురగే! నా స్కూటీ అందులోనే ఆగిపోనాది!"

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నీలవేణి నిలబడి ఉంది. పెందలాడే వచ్చేసింది. భూమి రెండుగా చీలితే దూకేద్దామనుకుంది స్వర్ణ. దాచడానికి ఇంకేం మిగిలిందని జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నీలవేణి వరసగా నిలబడ్డ తడిమనుషుల్ని చూసింది. దాలమ్మ దగ్గరికెళ్ళి గడ్డం పట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పింది.

"కళ్ళు మండినాయా అవ్వా?"

"నేదమ్మా. సబ్బంటే నాకు బయం, ఇది సల్లగున్నాది. ఇంకోపాలి ముంచమన్నా మునుగుతాను."

త్రినాథ్ మండలేదన్నాడు. మిగిలినవాళ్ళూ లేదన్నారు. ఇమ్మానుయేలు కోపంతో ఉన్నాడు గానీ అబద్ధమాడే మనిషి కాదు. "కళ్ళు తెరుసుకునే మునిగాను, మండలేదు" అని ఒప్పుకున్నాడు. అందరికన్నా ఎక్కువసేపు అందులో నానిన అయ్యగారు తన మోచేతులు తడుముకుని ఆ మెత్తదనానికి ఆశ్చర్యపోతున్నారు.

"నాను పది మొకాలే కదా అడిగాను, నువ్వు మనుసుల్నే ముంచేసినావు!" అని నీలవేణి పకపకా నవ్వింది. "సీసాలు పంపించు. ముందు వరసలోనే పెడతాను."

స్వర్ణకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. త్రినాథ్ మాత్రం దిగులుగా ముందుకొచ్చాడు. "అయ్యగారూ, మరి మా బాప్తిస్మం సెల్లుతాదా?"

అయ్యగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మునిగావు, లేచావు. ప్రభువు చూసేది నీ మనసుని నాయనా, నురగని కాదు. వెళ్ళి తల తుడుచుకో."

అప్పటికే లీలారాణి ఆడవాళ్ళ మధ్యలో చేరి గొంతు పెంచింది. "కొబ్బరీ, పంచదారా అనమాట. మా కోడలు సొంతంగా సేసినాది. కెమిస్ట్రీ సదువుకున్నాది మరి!"

ఇంటికొచ్చాక స్వర్ణ భయంభయంగా అడిగింది. "అత్తమ్మా, మరి వరండా?"

"నా పటిక డబ్బా అక్కడినించి తీసీసి వంటింట్లో పెట్టు" అంది లీలారాణి. "నీ సరుక్కి సోటు సాలదు."

ఆ ఆదివారం నుంచి ఆ మందిరంలో ఒక కొత్త నియమం అమల్లోకి వచ్చింది: తొట్టిలో ఏది పొయ్యాలన్నా ముందుగా విక్టర్ ముఖానికి రాసి చూస్తారు.