ఆటల పెట్టె లెక్కలో అమ్మ వయసు

టీవీకి తగిలించే ఆటల పెట్టె చరిత్రను మూడు యుగాలుగా విభజించవచ్చు. మొదటిది ఊదుడు యుగం. క్యాసెట్టు దూర్చాక బొమ్మ రాకపోతే దాన్ని బయటికి లాగి, అడుగున ఉఫ్‌మని ఊది, మళ్లీ దూర్చేవారు. ఊదడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది తుడుపు యుగం. డిస్కు మొరాయిస్తే చొక్కా అంచుతో తుడిచేవారు. చొక్కా శుభ్రంగా ఉందా అని కూడా ఎవరూ అడగలేదు. మూడోది, ప్రస్తుతం నడుస్తున్నది, విచారణ యుగం. ఇప్పటి పెట్టెకు మన ఊపిరితోగానీ చొక్కాతోగానీ పని లేదు. ఆట మొదలుపెట్టే ముందు అది మనల్ని నువ్వెవరని అడుగుతుంది.

ఈ మూడో యుగపు పెట్టె ఒకటి, బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఒక తల్లి ఇంటికి వచ్చి కుట్టుమిషను పక్కనే మకాం వేసింది. తెచ్చినవాడు పిల్ల తండ్రి. పిల్లది ఎనిమిదో తరగతి, ఇంట్లో పిలిచేది చిట్టి అని. పెట్టె వచ్చిన నాటినుంచి తల్లికి కంటి మీద కునుకు లేదు. (ఫ్రిజ్ వచ్చినప్పుడూ లేదు.) ఆడేటప్పుడు పట్టుకునే పిడి గుర్రుమని వణికితే, కరెంటు కొడుతోందనుకుని చెక్క గరిటెతో పిల్ల చేతిలోంచి ఎగరగొట్టింది. ఆటలో కారు గోడను గుద్దితే అలా వణుకుతుందని, అదొక సౌకర్యమని, దానికి అదనంగా డబ్బు పుచ్చుకున్నారని తండ్రి వివరించాడు.

అసలు భయం వేరు. చిట్టి చెవులకు డిప్పలు తగిలించుకుని, కనబడని మనుషులతో మాట్లాడుతోంది.

"ఎవరితోనే ఆ ముచ్చట్లు?"

"మా టీంతోనమ్మా."

"టీం అంటే? ఎవరి పిల్లలు?"

"ఏమో, ఎక్కడివాళ్లో!"

"ఏమండీ, విన్నారా? ఎక్కడివాళ్లో అట! రేపు మన గుమ్మంలోకి ఏ దొంగ వెధవో వస్తే?"

"అందులో తాళం ఉంటుందటలే. కొత్తవాళ్లెవరూ మాట్లాడకుండా పెద్దవాళ్లు వేసుకోవచ్చట. వేసెయ్," అన్నాడు తండ్రి, ఫోనులోంచి తల ఎత్తకుండా.

తల్లి మెడలోని టేపు తీసి పక్కన పెట్టి, తాళం వేయడానికి కూర్చుంది. పెట్టె ముందుగా ఆవిడ పుట్టినతేదీ అడిగింది. పుట్టినతేదీ చేజిక్కితే చాలు, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తారని ఎక్కడో విని ఉంది. అందుకని తెర మీద ముందే కనబడుతున్న తేదీని, అంటే ఆనాటి తేదీనే, అలాగే ఉంచి నొక్కేసింది. ఇంట్లో పసిపాప పుట్టిందని పెట్టె సంబరంగా నమోదు చేసుకుంది.

పసిపాపకు సంరక్షకులు ఉండి తీరాలి. పెట్టె కుటుంబాన్ని పరిశీలించింది. తండ్రి ఏనాడూ ఖాతా తెరవలేదు, ఆడినప్పుడల్లా 'అతిథి'గానే ఆడాడు. (ఇంట్లోనూ ఆయన హోదా ఇంచుమించు అదే.) మిగిలింది చిట్టి. పెద్దదాన్నంటే ప్రశ్నలు తక్కువ అడుగుతారని, ఖాతా తెరిచినప్పుడు నలభై ఏళ్లని రాసుకుంది. ఆ విధంగా తల్లి మంచిచెడ్డలు కూతురి చేతిలోకి వెళ్లాయి.

తల్లి లబోదిబోమంటూ కంపెనీవారి వయో నిర్ధారణ విభాగానికి ఫోను చేసింది.

"నమస్తే మేడమ్, చెప్పండి," అన్నాడు అధికారి. ఆవిడ చెప్పింది. అవతల టకటకమని ఏదో కొట్టి చూశాడు. గొంతు మెత్తబడింది.

"పాపా, ఇంట్లో పెద్దవాళ్లెవరన్నా ఉన్నారా?"

"నేనే పెద్దదాన్ని బాబూ! ఎనిమిది చదివే కూతురుంది నాకు!"

"అలా అబద్ధాలు ఆడకూడదమ్మా."

"నా వయసు మార్చు నాయనా, నీకు పుణ్యముంటుంది."

"పద్దెనిమిది నిండాక నువ్వే మార్చుకుందువుగాని. అప్పటిదాకా మీ సంరక్షకురాలు ఒప్పుకోవాలి. ఆవిడకివ్వు."

చిట్టి ఫోను అందుకుని గొంతు సవరించుకుంది. "అవునండీ... కాస్త భయస్తురాలు. నేను చూసుకుంటాలెండి."

ఫోను పెట్టగానే తల్లి మీద పడింది. "నలభై ఏళ్లటే నీకు! ముందు నా వయసు మార్చు."

"మారిస్తే నాకు తాళం వేస్తావుగా?"

"వెయ్యక?"

"అయితే ఆలోచించి చెబుతాను," అంది సంరక్షకురాలు.

ఆలోచన సాగుతుండగానే వారం గడిచింది. పెట్టె సంరక్షకురాలికి నివేదిక పంపింది. చిట్టి నవ్వుకుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"మీ పాప ఈ వారం పూర్తిగా సురక్షితంగా ఉంది. కొత్తవారితో మాటలు: లేవు. ఆడుకున్న సమయం: లేదు. స్నేహితులు: లేరు." చదివేసరికి నవ్వు ఆగిపోయింది. "అమ్మా, నీకు ఒక్కళ్లూ లేరా?"

"పని చేసుకునేదాన్ని, నాకెందుకే స్నేహితులు?"

"చదువుతుంటే భయమేస్తోందమ్మా."

"దేనికే భయం? ఏమీ జరగలేదనే కదా రాశాడు!"

అని, ఆవిడే మిషను ఆపింది. కూతురి గురించి రావాలని తాను కోరుకుంటున్న నివేదిక అక్షరం పొల్లుపోకుండా అదే. కింద ఇంకో వాక్యం ఉంది: "ఇంత జాగ్రత్తగా పెంచుతున్నందుకు అభినందనలు. ఇదే భద్రతను ఇంట్లో మిగతావారికీ వర్తింపజేయమంటారా?"

తల్లి లేచి వచ్చి, చిట్టి చేతిలోని పిడి లాక్కుని, 'వద్దు' అన్నచోట గట్టిగా నొక్కింది. నువ్వెవరని పెట్టె అడిగితే, ఉన్నదున్నట్టు తన పేరే నొక్కింది.

ఇది పెద్దవాళ్లు తీసుకోవలసిన నిర్ణయమని పెట్టె పాపకు ముద్దుగా చెప్పింది.