నరేశ్‌కు పోటీ నరేశ్

ఇకమీదట జిల్లాలో నిరుద్యోగం అనే మాట ఎవరి నోటా వినపడకూడదని మంత్రిగారు కరీంనగర్ సభలో ఆదేశించారు. అక్కడికక్కడే జిల్లా నిరుద్యోగ నిర్మూలనా కేంద్రాన్ని ప్రారంభించి, రిబ్బను కత్తిరించి, కత్తెరను జాగ్రత్తగా దాచమని అధికారులకు అప్పగించారు. కేంద్రానికి ఒక గది, ఒక టేబులు, ఒక ఫోను, మంత్రిగారి నిలువెత్తు ఫొటో సమకూరాయి. ఇక కావలసిందల్లా ఆ ఫోను ముందు కూర్చుని నిరుద్యోగులందరికీ "అధైర్యపడకండి" అని చెప్పే మనిషి. అంటే ఒక పోస్టు, అదీ ఔట్‌సోర్సింగులో. నోటిమాటతో ఉద్యోగం పుట్టించడం ఎంతమందికి చేతనవుతుంది చెప్పండి! సభ చప్పట్లతో దద్దరిల్లింది.

ఆ చప్పట్లను గర్షకుర్తిలో నరేశ్ తన ఫోనులో విన్నాడు. డిగ్రీ పాసైన కుర్రాడు. తండ్రి బాలమల్లు మరమగ్గాలు నడుపుతాడు, వాటిని ఊళ్లో సాంచెలంటారు. ఆర్డర్లు లేక అవి వారంలో సగం రోజులు మూతపడే ఉంటున్నాయి. రాష్ట్రం దాటి భివండిలో, సాంచెల కార్ఖానాలో మేనమామ ఒక జాగా పట్టి ఉంచాడు గానీ నరేశ్‌కు పోవాలని లేదు. ఆ సాంచెల మోతలో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు పక్కన కూర్చున్న భార్యతో కూడా అరిచే మాట్లాడతారు. నరేశ్ మెత్తగా మాట్లాడే మనిషి. ఫోనులో మాట్లాడే ఉద్యోగం అనేసరికి వాడికి ప్రాణం లేచొచ్చింది. అది వస్తే కరీంనగర్, రాకపోతే భివండి.

అయితే ఔట్‌సోర్సింగు పోస్టుకు మనిషి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోకూడదు. ఏజెన్సీ పెట్టాలి. పారదర్శకత కోసమట. మ్యాన్‌పవర్ ఏజెన్సీ నడిపే సంతోష్‌రావు ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"తమ్మీ, నీ పేరు పెడుతున్న. ఇగ నీకేం ఫికర్ లేదు. ఒక ఫొటో పంపు, ఎవ్వలికీ చెప్పకు."

"సరే అన్నా."

మర్నాడు పోటీ ఏజెన్సీ సరళాదేవి ఫోన్ చేసింది. సంతోష్‌రావులాగే ఆమెదీ మంత్రిగారి పార్టీయే, వర్గం వేరు. "మన పిల్లగాడివని నీ పేరే పెడుతున్న తమ్మీ. ఫొటో పంపు. ఆ సంతోష్‌రావుకు మాత్రం చెప్పకు."

పెద్దవాళ్లు అడిగితే కాదనడం నరేశ్ ఇంటా వంటా లేదు. పైగా తల్లి ఐలవ్వ కూడా ఆలోచించి చెప్పింది. "ఇద్దరు పెడితె ఇంక మంచిదే గదరా. ఒగలు కాకుంటె ఒగలన్న ఇప్పిస్తరు."

సంతోష్‌రావుకు మీసమున్న ఫొటో వెళ్లింది, సరళాదేవికి మీసం లేనిది. సంతోష్‌రావు వాడికి హైదరాబాద్ కాల్‌సెంటర్‌లో అనుభవం కల్పించాడు. సరళాదేవి అంతకు తగ్గుతుందా? మానసిక ధైర్యం నూరిపోయడంలో డిప్లొమా ఇప్పించింది.

ఇంటర్వ్యూ చేసే భాగ్యం కేంద్రం అధికారి కైలాసం సారుకు దక్కింది. సంతోష్‌రావు తరఫున నరేశ్ లోపలికి వెళ్లి, నమస్కారం పెట్టి, అడిగినవాటికి జవాబులు చెప్పి వచ్చాడు. కాసేపటికి సరళాదేవి తరఫున మళ్లీ పిలుపొచ్చింది. కైలాసం సారు కళ్లజోడు సవరించుకున్నారు.

"ఇంతకుముందు వచ్చిపోయినాయిన నీకేమైతడు?"

"నేనే సార్."

సారు లేచి తలుపు వేసి వచ్చారు. "చూడు బాబూ. ఒక్కడే రెండుసార్లొస్తె రూల్ ప్రకారం ఇద్దర్నీ తీసెయ్యాలె. ఒక్కణ్నే ఉంచుదామంటె పోటీ లేదని పోస్టే రద్దయితది. మంత్రిగారికి నేనేం జవాబు చెప్పాలె? జర ఆలోచించి చెప్పు. ఏమైతడు?"

నరేశ్ కళ్లముందు భివండి కదిలింది. "దూరపు చుట్టం సార్."

"శభాష్. అతనికంటె నీల ఉన్న గొప్పతనమేంది?"

"అతను జర భయస్తుడు సార్."

"ఇంకేమన్న చెప్తవా అతని గురించి?"

నరేశ్ చేతులు జోడించాడు. "మంచోడే సార్. పాపం, వానికి గూడ ఈ నౌకరి శానా అవసరం."

పోటీదారు మీద ఇంత జాలిపడే అభ్యర్థిని తన సర్వీసులో చూడలేదని సారు మెచ్చుకున్నారు. డిప్లొమా ఉన్నందుకు సరళాదేవి తరఫు నరేశ్‌ను ఎంపిక చేశారు. చీకటిపడే లోపే బస్టాండు దగ్గర మీసం లేని నరేశ్‌తో శుభాకాంక్షల ఫ్లెక్సీ లేచింది. అందులో సరళాదేవి నిలువెత్తున ఉంది, నరేశ్ ఆమె చెప్పు పక్కన తపాలా బిళ్లంత ఉన్నాడు.

వెంటనే సంతోష్‌రావు ఫోను. "తమ్మీ, నీకు ఘోరమైన అన్యాయం జరిగింది!"

"నౌకరి నాకే వచ్చిందన్నా."

"నీకెక్కడొచ్చిందిరా? సరళాదేవి మనిషికొచ్చింది. నువ్వు నా మనిషివి. కేంద్రం ముంగట టెంటు ఏస్తున్న. పొద్దుగాల్నే రా, నిరాహార దీక్షల కూసోవాలె."

ఆ ఫోను పెట్టగానే సరళాదేవి. "తమ్మీ, పొద్దుగాల కేంద్రంల నీకు సన్మానమున్నది. తెల్లంగి తొడుక్కొని రా."

పాపం, నరేశ్ ఎవరి మాటా తీసెయ్యలేదు. కేంద్రానికి ఎదురుగా రోడ్డవతలే టెంటు. పొద్దున టెంటులో దండ వేయించుకుని కూర్చున్నాడు. "నరేశ్ నియామకం రద్దు చేయాలి! నరేశ్‌కు న్యాయం చేయాలి!" అని నినాదాలు మొదలైతే రెండింటికీ పిడికిలెత్తాడు. మధ్యలో ఒంటికి పోయొస్తానని లేచి, రోడ్డు దాటి, అదే దండతో సన్మానం చేయించుకుని వచ్చాడు. కొత్త దండ ఖర్చు తప్పిందని సరళాదేవి సంతోషించింది. దీక్షకు జనం కూడా బాగానే వచ్చారు. సన్మానానికి వచ్చిందీ వాళ్లే.

గొడవ ముదిరి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. టెంటులోకి వచ్చి నరేశ్‌కు నిమ్మరసం తాగించారు. కేంద్రంలోకి వెళ్లి నరేశ్ భుజం తట్టారు. మైకు అందుకున్నారు.

"ఇద్దరూ నాకు కొడుకుల్లాంటోళ్లే. ఎవ్వలికీ అన్యాయం చెయ్య. ఇద్దరికీ ఉద్యోగం వచ్చినట్టే రాసుకోమంటున్న!"

చప్పట్లతో టెంటు ఊగింది. కైలాసం సారు మెల్లగా చెవిలో చెప్పారు. "సార్, కుర్చీ ఒక్కటే ఉన్నది."

మంత్రిగారు క్షణం కూడా తడుముకోలేదు. "ఒకనికిస్తె ఇంకొకడు ఊకోడు. ఆ కుర్చీల ఇద్దరికీ చుట్టం గానోడు కూసోవాలె." అటువంటి తటస్థ వ్యక్తి అదృష్టవశాత్తు మంత్రిగారి కారులోనే ఉన్నాడు. ఆయన బావమరిది కొడుకు ఉజ్వల్. మర్నాడు పేపర్లన్నీ జిల్లాలో ఇద్దరు నిరుద్యోగులు తగ్గారని రాశాయి.

నరేశ్ భివండి పోయాడు.

అక్కడ పనిలో చేరి కొంతకాలమయ్యాక, సాంచెల మోత మధ్య ఫోన్ మోగింది.

"అధైర్యపడకండి" అంది అవతలి గొంతు. ఉజ్వల్. "నరేశ్‌గారూ, మీ మీద రెండు జాబ్స్ చూపిస్తున్నయ్. ఒక్క మనిషి రెండు గవర్నమెంట్ నౌకరీలు చేస్తె కేసయితది. ఒకటి రిజైన్ చెయ్యాలె."

నరేశ్ ఒక చేత్తో సాంచె పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి అదుముకున్నాడు. రెండింటినీ తలుచుకుంటే ఏదీ వదలబుద్ధి కాలేదు. చివరికి గుండె రాయి చేసుకున్నాడు.

"సంతోషన్న నరేశ్‌ను తీసెయ్యున్రి సార్! వానికి మొదట్నుంచీ కలిసిరాలే!"

ఆ రాజీనామాతో జిల్లాలో ఒక పోస్టు ఖాళీ అయింది. దాన్ని యుద్ధప్రాతిపదికన భర్తీ చేస్తామని మంత్రిగారు ప్రకటించారు. ఆ సాయంత్రమే సంతోష్‌రావు ఫోన్ చేశాడు.

"తమ్మీ, పోస్టు పడ్డది. నీ పేరే పెడుతున్న. ఎవ్వలికీ చెప్పకు."

ఫోను చెవికి ఆనించి ఉండగానే ఇంకో కాల్ వస్తోంది. నరేశ్ తెర చూశాడు. సరళాదేవి.

"ఫొటో మళ్ల పంపాల్నా అన్నా?" అని గట్టిగా అడిగాడు.

"వద్దు తియ్యి, మీసాలది ఉన్నది. గని గట్ల ఒర్రుతున్నవేందిరా? ఫోన్‌ల మాట్లాడే నౌకరి. జర మెల్లగ మాట్లాడుడు నేర్సుకో."