మంచుమనిషి కాగితంలో ఏడు పుస్తకాలు

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు రాధారాణి గరాజ్‌లో పై అర మీద చెయ్యి పెట్టి తడిమింది. అక్కడ ఉండవలసిన ఏడు పుస్తకాలు లేవు.

స్టూలు ఎక్కి చూసింది. కింది అర చూసింది. మంచు తోసే పార వెనకాల చూసింది. ఎక్కడా లేవు. బయట డెట్రాయిట్ పక్కనున్న నోవై ఊరు తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పదకొండు గంటలకు ఊరి లైబ్రరీలో ఆమె మొదటి కథల కార్యక్రమం. చేతిలో ఉన్నది మూడు గంటలు.

ముప్పై ఏళ్ళు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన రాధారాణి, మూడేళ్ళుగా ఆ లైబ్రరీలో వాలంటీరు. పిల్లలు లాగి పడేసిన పుస్తకాలను తిరిగి సర్దడం ఆమె పని. ఒక్క పుస్తకం చదివి వినిపించమని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె ఇంగ్లీషు యాస గురించి ఎవరూ ఏమీ అనలేదు కూడా. ఏమీ అనకపోవడంలోనే ఆమెకు విషయం అర్థమైంది.

నవంబర్‌లో ఆమె ధైర్యం చేసి, పిల్లల విభాగం చూసే డెబ్రా చేతికి ఒక కాగితం ఇచ్చింది. అమెరికా క్యాలెండర్ నిండా చలికాలంలో చిత్రమైన పండుగలున్నాయి. ఉడతలను మెచ్చుకోవడానికి ఒక రోజు. బబుల్ ర్యాప్ గాలిబుడగలను టపటపా పగలగొట్టడానికి ఒక రోజు. అన్నీ తారుమారుగా చెయ్యడానికి ఒక రోజు. వేడి చాక్లెట్‌కు ఒక రోజు. ఒక్కో పండుగకు ఒక బొమ్మల పుస్తకం, దానికి తగ్గట్టు పిల్లలు తమ చేతులతో చేసే ఒక పని. మొత్తం ఏడు శనివారాలు. పుస్తకాన్ని కాగితంలో చుట్టి తెచ్చి, పిల్లల్లో ఒకరి చేత విప్పించాలి. డెబ్రా కాగితం రెండుసార్లు చదివింది. మొదటి శనివారం పిల్లలు కదలకుండా కూర్చుని వింటే మిగతా ఆరూ మీవే, లేకపోతే వేరేవాళ్ళకు ఇస్తాను అంది.

ఉడత పుస్తకం ఆ మొదటి శనివారానిది.

అప్పుడు రాధారాణికి కాగితం గుర్తొచ్చింది. క్రిస్మస్ అయిపోయాక సగం ధరకు కొన్న మంచుమనిషి బొమ్మల కాగితం అది. మంగళవారం పుస్తకాలు చుట్టాక ఇంకా బోలెడు మిగిలింది. గురువారం సాయంత్రం ఇంట్లో లలితా పారాయణం. వచ్చేవాళ్ళకు ఇవ్వవలసిన రిటర్న్ గిఫ్టులను కూడా దానితోనే చుట్టింది. జర్మన్ సిల్వర్ పళ్ళేలు. పల్చటి చదరపు పెట్టెల్లో, సరిగ్గా బొమ్మల పుస్తకమంత. వాటిని కూడా పుస్తకాల్లాగే బ్యాగుల్లో వేసి, పెట్టింది ఆ పుస్తకాల కింది అరలో. పంచింది కోడలు శ్రుతి.

ఇంట్లోకి తిరిగి కేకేసింది.

"ఏవండీ!"

కృష్ణమోహన్ కాఫీ కప్పుతో గరాజ్ తలుపు దగ్గరికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళు కార్లకు బ్రేకులు డిజైన్ చేసిన ఇంజనీరు. తొందరపడటం ఆయన స్వభావంలో లేదు.

"పుస్తకాలు లేవు. శ్రుతి రిటర్న్ గిఫ్టులనుకుని అందరికీ పంచేసింది."

"అయ్యుండదులే రాధా. ఇంకోసారి నిదానంగా..."

"ఇంకోసారి చూస్తే పుట్టుకొస్తాయా? అర ఖాళీ!"

ఆయన ఏదో చెప్పబోయాడు. అప్పటికే ఫోన్ స్పీకర్‌లో శ్రుతి నిద్రగొంతు వినిపిస్తోంది.

"అర మీద ఉన్న బ్యాగులన్నీ లోపలికి తెచ్చేశాను అత్తయ్యా."

"అన్నీ అంటే ఎన్ని?"

"రెండో, మూడో. అందరూ బూట్లు వేసుకుంటుంటే చేతుల్లో పెట్టేశాను. మిగిలినవి నిన్న ఆద్య డాన్స్ క్లాస్‌లో ఇచ్చేశా. ఎందుకు, వాటిల్లో ఏమున్నాయి?"

"ఉడత ఉంది!" అని రాధారాణి ఫోన్ పెట్టేసింది. అవతల శ్రుతి పూర్తిగా మేలుకుంది.

తరువాతి ఫోన్ మీనాకు. పారాయణంలో పక్కన కూర్చున్న మనిషి.

"అయ్యో, మీరిచ్చిన పళ్ళెం ఎంత బావుందోనండీ!" అంది మీనా, అడగకముందే. "పొద్దున పూజలో కూడా అదే పెట్టుకున్నా."

"నిజంగా పళ్ళెమేనా? పుస్తకం కాదుగా?"

అవతల మీనా ఒకసారి దగ్గింది.

"మీనా, విప్పి చూశావా?"

"అంటే... విప్పలేదండీ. నిన్న సాయంత్రం పద్మిని గృహప్రవేశానికి వెళ్తూ, చేతిలో ఏమీ లేక... సారీ అండీ. పేపర్ కూడా చాలా బావుంది, అసలు విప్పబుద్ధి కాలేదు."

ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తూ పోతే పదకొండు అవుతుందని రాధారాణికి తెలిసిపోయింది. పారాయణం వాట్సాప్ గ్రూప్‌లో గబగబా రాసింది: "అర్జెంట్. గురువారం నేనిచ్చిన ప్యాకెట్ ఎవరూ విప్పొద్దు. ఇంకెవరికీ ఇవ్వొద్దు. పదిన్నరకి లైబ్రరీకి తెచ్చెయ్యండి." విప్పితే పిల్లల సరదా పోతుందని ఆమె ఉద్దేశం. ఆ ఉద్దేశం రాయడానికి తీరిక లేదు.

డెట్రాయిట్ చుట్టుపక్కల కాపురమున్నవాళ్ళకు ఈ భాష కొత్త కాదు. రెండిళ్ళకొకరు కార్ల కంపెనీలో పనిచేస్తారు. అమ్మిన కార్లలో లోపం బయటపడితే కంపెనీ వాటిని వెనక్కి పిలవడం వాళ్ళకు మామూలే. విప్పొద్దు, వాడొద్దు, వెనక్కి తెచ్చెయ్యండి అంటే ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రెండు నిమిషాల్లో గ్రూప్‌లో ఎవరో ఆ మాట అననే అన్నారు: రీకాల్.

"పళ్ళెంలో లెడ్ ఉందిట, సీసం!"

"మా ఆయన గ్లవ్స్ వేసుకుని తీసికెళ్ళి పెరట్లో డెక్ మీద మంచులో పెట్టొచ్చారు."

"నిన్న దాన్లోనే పులిహోర పెట్టాను. పిల్లాడు రెండోసారి కూడా పెట్టించుకున్నాడు. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఉడత కూడా ఉందని శ్రుతి అంటోంది. నిజమేనా?"

ఇవేవీ రాధారాణి చూడలేదు. ఆమె అప్పటికి కార్లో ఉంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో పద్మిని కొత్త ఇంటికి ఇరవై నిమిషాలు. మంచులో కృష్ణమోహన్ నడిపితే ముప్పై అయిదు.

"రాధా, నీకో విషయం..."

"రోడ్డు చూసి నడపండి."

కొంతదూరం పోయాక ఆయన మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. ఆమె శ్రుతికి మళ్ళీ ఫోన్ చేస్తోంది. "ఒక్కసారి చూసి ఇవ్వాలని తెలీదా అమ్మా? మూడేళ్ళు ఆగితే వచ్చిన చాన్స్ నాకిది." అవతల శ్రుతి ముక్కు ఎగబీల్చింది. కృష్ణమోహన్ రోడ్డు చూస్తూ నడిపాడు.

పద్మిని కోటు తొడుక్కుని గుమ్మంలోనే ఎదురైంది. "అక్కా! మీ ఇంటికే బయల్దేరుతున్నా. గురువారం పారాయణానికి రాలేకపోయానని ఒకటే బాధ. వట్టి చేతుల్తో ఎలా వస్తానని ఇది తీసుకున్నా." ఆమె చాచిన చేతుల్లో మంచుమనిషి కాగితం నవ్వుతోంది.

రాధారాణి దాన్ని కార్లో కూర్చుని విప్పింది. పళ్ళెం. తన పళ్ళెమే. రెండు రోజుల్లో రెండిళ్ళు తిరిగి తన ఒళ్ళోకి వచ్చింది. ఆమెకు కోపం రావలసింది. రాలేదు. తన ఇంట్లో లాండ్రీ గది పై అరలో తను విప్పకుండా దాచిన ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎవరు ఎంత ఇష్టంగా కొనుక్కొచ్చారో వాటిని.

పదిన్నరకు లైబ్రరీ కథల గది కిటకిటలాడుతోంది. మామూలుగా తొమ్మిది మంది పిల్లలు వస్తే గొప్ప. ఆ రోజు పిల్లలే పాతిక మంది దాకా ఉన్నారు. వాళ్ళతో పాటు పారాయణం వాళ్ళు, శ్రుతి కబురు పంపిన డాన్స్ క్లాస్ వాళ్ళు, పిల్లలను ఇంట్లో వదలలేక వెంటపెట్టుకొచ్చిన తండ్రులు. అందరి చేతుల్లో ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో ప్యాకెట్లు. ఒకాయన తన సంచిని వంటింటి పట్టకారుతో పట్టుకున్నాడు.

"రాధారాణి గారూ, లెడ్ ఎంతుందిట?" అంది మీనా.

"లెడ్డేమిటి? నాక్కావలసింది పుస్తకాలు!"

ప్యాకెట్లన్నీ విప్పారు. పళ్ళెం. పళ్ళెం. పళ్ళెం. ఒక్క పుస్తకం లేదు. పులిహోర తిన్న పిల్లాడి తల్లి మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

శ్రుతి, ఆమె భర్త వినీత్, వాళ్ళ ఆరేళ్ళ కూతురు ఆద్య అప్పుడే వచ్చారు. శ్రుతి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎవరికిచ్చానో గుర్తు రావట్లేదు అత్తయ్యా. నాదే తప్పు." రాధారాణి పరవాలేదు అనాలనుకుంది. అనకుండా గడియారం వైపు తిరిగింది.

పదకొండయింది. పిల్లలు పళ్ళేలను తాళాల్లా కొట్టుకుంటున్నారు. డెబ్రా గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. రాధారాణి పిల్లల కుర్చీలో, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు. అడ్డం పెట్టుకోవడానికి బొమ్మలు లేవు. ఆమె దగ్గర మిగిలింది ఆమె గొంతు ఒక్కటే, ఆమె ఇన్నాళ్ళూ నమ్మని గొంతు.

"ఇవాళ నా పుస్తకం ఎక్కడో దాక్కుంది," అంది ఇంగ్లీషులో, తన యాసలోనే. "ఉడత గింజలు దాస్తుంది చూశారా, అలాగ. మీ చేతుల్లో ఉన్నది గింజ అనుకోండి. చలికాలం వచ్చేస్తోంది. చప్పుడైతే పక్క ఉడత చూసేస్తుంది. ఎక్కడ దాస్తారు?"

తాళాలు ఆగిపోయాయి. పాతిక మంది పిల్లలు మునివేళ్ళ మీద నడిచి బల్లల కింద, తెరల వెనక, తండ్రుల కోట్ల లోపల పళ్ళేలు దాచారు. దాచి వచ్చి, రహస్యం తెలిసిన మొహాలతో కింద కూర్చున్నారు. ఆమె కథ మొదలుపెట్టింది. ఉడత నూట ఏడు చోట్ల గింజలు దాచింది. మంచు కురిసింది. ఊరంతా ఒకే రంగైపోయింది. ఉడతకు ఒక్క చోటు కూడా గుర్తు లేదు. ముందు వరసలో ఒక పిల్ల నోరు తెరుచుకుని వింటోంది. ఎవరూ కదలడం లేదు.

"తర్వాత వసంతం వచ్చింది," అంది రాధారాణి. ఆగింది. లైబ్రరీలోని నలభై పుస్తకాల్లోంచి ఏరుకున్న ఏడింటిలో అదొకటి. మొదటి పేజీలు నచ్చి తీసుకుంది. చివర ఏమవుతుందో జ్ఞాపకంలో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. డెబ్రా వాచీ వైపు చూసింది. ముందు వరసలో పిల్ల నోరు మూసుకుంది.

గది వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఉడత ఆగి చూసింది. తను మరిచిపోయిన ప్రతి చోటా ఒక చిన్న మొక్క నిలబడి ఉంది. 'ఎవరు నాటారు వీటిని?' అంది ఉడత సన్నగా. 'ఎవరో మతిమరుపు వాడు,' అంది ముసలి గుడ్లగూబ. 'వాడికి థాంక్స్ చెప్పాలి, కనపడితే,' అంది ఉడత."

ఉడతకు ఒక గొంతు, గుడ్లగూబకు ఇంకొకటి. పిల్లలు వెనక్కి తిరిగి చూసి పగలబడి నవ్వారు. పళ్ళేలు వెతకడానికి గది నలుమూలలకూ పరిగెత్తారు. డెబ్రా వచ్చి, వచ్చే శనివారం మీరిద్దరూ కలిసి రావాలి, మిగతా ఆరూ మీవే అని చెప్పి వెళ్ళింది.

రాధారాణి ఆమెకు థాంక్స్ చెప్పడం మరిచిపోయింది. కోటు కూడా విప్పకుండా నిలబడ్డ భర్తనే చూస్తోంది.

"తాతా! హౌ డు యూ నో ది ఎండింగ్?" అంది ఆద్య.

"అవునండీ," అంది రాధారాణి నెమ్మదిగా. "మీకెలా తెలుసు?"

కృష్ణమోహన్ ముందు కోడలి వైపు చూశాడు. తరువాత కొడుకు వైపు.

"నేనే తీశాను. శ్రుతి ఏ తప్పూ చెయ్యలేదు. బుధవారం పొద్దున తీశా. కొత్తిమీర తెస్తానని వెళ్ళి షాపు పార్కింగ్‌లో కూర్చుని, కాగితాలు జాగ్రత్తగా విప్పి చదువుకున్నా. పోయిన నెల ఆద్యకి ఏదో చదివి పెడుతుంటే, 'తాతా, యూ రీడ్ లైక్ ఎ కార్ మాన్యువల్, నానమ్మని పిలువు' అంది. అందుకని ప్రాక్టీస్. గురువారం తిరిగి పెట్టేద్దామనుకున్నా, గరాజ్ దాకా ఆడవాళ్ళే. నిన్న మళ్ళీ చదువుకుంటూ ఉండిపోయా. ఇవాళ చెప్దామనుకున్నా, నువ్వప్పటికే శ్రుతిని అనేశావు. ఆపైన ఊరంతా రీకాల్ అంటుంటే నాకు నోరు రాలేదు. డిక్కీలోనే ఉన్నాయి రాధా, పద్మిని ఇంటికి కూడా మనతోనే వచ్చాయి. ఆరు శుభ్రంగా ఉన్నాయి. ఆ వేడి చాక్లెట్ పుస్తకమే... అందులో నాన్న మంచు తోసి లోపలికొచ్చేసరికి పిల్లాడు నిద్రపోయుంటాడు, వాడు పట్టుకున్న కప్పు చల్లారిపోయుంటుంది. వినీత్, నీకు నేను ఒక్క పుస్తకం చదవలేదురా. ప్లాంట్ నించి వచ్చేసరికి రోజూ నిద్రపోయుండేవాడివి. ఆ పేజీ కాస్త తడిసి ఉబ్బింది. మంచు పడిందని చెప్పు రాధా, డెబ్రాతో. కారు లోపల మంచెలా పడిందని అడిగితే మాత్రం నా దగ్గర సమాధానం లేదు."