కవలల లక్ష్యమూ, కాటా తీర్పూ

మానవజాతి నెలకొల్పిన న్యాయస్థానాలన్నిటిలోనూ మా కొండల మేకపోతుల ఎంపిక సంఘం అత్యంత నిష్పాక్షికమైనది. దానికి తల్లి తెలియదు, ఇల్లు తెలియదు, మేక సైతం అంతగా తెలియదు. కాటా ఒక్కటే తెలుసు.

ముందటేడు రాకిరాకి పట్టణం వెనుక మా సమావేశ మందిరంలో, యంగోనా వేరు పానీయం గిన్నె చుట్టూ చాపల మీద ఆసీనులై, సంఘంవారు తమ మహోన్నత లక్ష్యాన్ని ప్రకటించారు: ఇకపై ప్రతి మేకా ఈతకు రెండేసి పిల్లలను కనవలెను. (మేకలకు ఆహ్వానం అందలేదు.) లక్ష్యసాధనకు మార్గమూ అక్కడే ఖరారైంది. ఒకే ఈడు పోతుపిల్లలను తూచి, అన్నిటికన్నా బరువైనదానిని విత్తనపు పోతుగా నిలపాలి. మిగిలినవాటికి ఆ సాయంత్రమే విత్తులు నొక్కించాలి. నాసిరకం వ్యాపించరాదు కదా.

మకెరెటా అనే వితంతువు తన పోతుపిల్లను చంకనెత్తుకుని వచ్చింది. తుపానుకు పోగా ఆమెకు మిగిలినది ఒకే ఒక ముసలి మేక. ప్రతి ఈతకూ కవలలను కని, ఇద్దరినీ తన పాలతోనే పెంచిన తల్లి. ఇక అది ఈనదు. దాని వంశం నిలిస్తే ఈ పిల్లతోనే నిలవాలి. (దీని కవల చర్చి విందుకు వెళ్లాడు, తిరిగి రాలేదు.)

కాటా పట్టిన తిమోదీ పెదవి విరిచాడు. "పిన్నీ, నీవాడు బొత్తిగా బక్కోడు. ఇంట్లో కర్రపెండలమంతా నువ్వే లాగిస్తున్నావా ఏంటి?"

"ముందు నీ బొజ్జ తూచుకోరా! వీడు సగం పాలతో పెరిగాడు. మీరు నెగ్గించినవాడు ఒక్కడే పుట్టి, తల్లి రెండు చన్నులూ తనే తాగాడు."

నేను లేచాను. సంఘాధ్యక్షులు శివ్‌చరణ్ గారిని ఉద్దేశించి, కవలలు కావాలంటే కవలగా పుట్టినవాణ్ణి ఎంచడం సమంజసం కాదా అని అడిగాను. (కాన్వెంటు సిస్టర్లు మాకు నేర్పిన లెక్కల్లో, ఒక కంచం ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. సంఘంవారు వేరే బడిలో చదివారు.)

"మీరన్నది అక్షరాలా నిజం టీచరమ్మా," అన్నారాయన ఎంతో మర్యాదగా. "అందుకే లక్ష్యాల ఉపసంఘం వేరు, ఎంపిక ఉపసంఘం వేరు. ఒకదాని పనిలో ఇంకోటి వేలు పెట్టదు."

"రెండింటికీ అధ్యక్షులెవరండీ?"

"నేనే. కానీ వేరే వేరే రోజుల్లో."

మేము అప్పీలు చేశాం, స్వీకరించారు. విచారణ మరుసటి సంవత్సరానికీ, విత్తులు నొక్కే కార్యక్రమం ఆ సాయంత్రానికీ నిర్ణయమయ్యాయి.

విచారణ చెప్పిన రోజునే జరిగింది. ఆడమేకల వెంట పరుగెత్తే పని తప్పిన మకెరెటా పోతు ఏడాదంతా మేతకే అంకితమై, కాటా కొక్కేన్ని వంచేంతగా ఎదిగింది. కొండల్లో దానికి సాటి లేదని తేలింది. సంఘం తన పూర్వపు తీర్పును సగౌరవంగా రద్దు చేసి, దానినే విత్తనపు పోతుగా ప్రకటించింది.

"చూశావా చెల్లీ, నీకు న్యాయం జరిగింది!" అంటూ శివ్‌చరణ్ గారు పోతు మెడలో పూలదండ వేశారు.

"నాకు దండలెందుకన్నా? దాని పిల్లలు కావాలి. వాడికిప్పుడు ఏం మిగిల్చారని?"

"పెళ్లికొడుకు నిగనిగలాడుతున్నాడు పిన్నీ," అన్నాడు తిమోదీ. "శోభనమే కాస్త కష్టం."

ఈ పోతుకు జరిగిన కార్యక్రమాన్ని నేను అధ్యక్షులవారికి స్పష్టమైన మాటల్లో గుర్తుచేశాను.

"ఆ సంగతి కాటాలో కనపడదు కదా టీచరమ్మా," అని ఆయన విచారించారు.

నియమం నియమమే గనుక మిగిలిన పోతులన్నిటికీ, అంతకుముందు ఏటి విజేతతో సహా, పొద్దుగూకేలోగా విత్తులు నొక్కేశారు. ఈ ఏడు మా కొండల్లో ఒక్క మేకా ఈనలేదు. లోతుగా దర్యాప్తు జరిపిన సంఘం, తప్పు తల్లులదేనని ఏకగ్రీవంగా తేల్చింది.